అడగొద్దు వారి పెళ్ళి

మా ఇంటిపేరు అడగొద్దు.

కసురుకుంటున్నానని అనుకోకండి. మీరు అడిగినా అదే, అడక్కపోయినా అదే. మా తాతల నాటి ఇంటిపేరు మట్టపర్తి. మునిసిపాలిటీ వారి ఉత్తర్వుతో అది రద్దయింది. ఇప్పుడు రికార్డుల్లో నేను అడగొద్దు పోతురాజుని. నా భార్య అడగొద్దు అచ్చాయమ్మ. మా అమ్మాయి అడగొద్దు జలజ. మా పై వాటాలో అద్దెకుండే చిక్కం వారబ్బాయి భాస్కరం కూడా అడగొద్దు భాస్కరమే అయ్యాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

నాది షామియానా సామాన్ల కొట్టు. కుర్చీలు, బల్లలు, గుండిగలు, పందిరి గుడ్డలు అద్దెకిస్తాను. తొమ్మిదో తరగతిలో బడి మానేసి మా నాన్న వెనకాల కొట్లో కూర్చున్నాను. అప్పటినుంచీ ఈ ఊళ్ళో పెళ్ళిళ్ళు సగం నా కుర్చీల మీదే జరిగాయి. మునిసిపాలిటీ వారి సభలన్నీ నా పందిరి కిందే జరిగాయి. చదువుకున్నవాళ్ళు ఎంతసేపు మాట్లాడగలరో, అంతసేపట్లో ఎంత తక్కువ చెప్పగలరో నా కుర్చీలను అడిగితే చెబుతాయి.

భాస్కరం రొయ్యల మేత కంపెనీలో లెక్కలు చూస్తాడు. పని ఎక్కువగా ఇంటి దగ్గర్నుంచే. వాడు, వాళ్ళమ్మ చిట్టెమ్మ గారు పై వాటాలోకి దిగిన మొదటి రోజునుంచే నన్ను మావయ్యా అని పిలిచేవాడు. ఇంటి ఓనర్ని కుర్రాళ్ళెవరైనా బాబాయ్ అంటారు. బాబాయ్ అననివాడి మీద నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు.

ఒకనాడు వాడు ఒక డబ్బా పట్టుకుని కిందికి వచ్చాడు. దానికి రెండు కొమ్ములున్నాయి.

"మావయ్యా, ఈ డబ్బా ఒక్కటి పెట్టుకుంటే పైనా కిందా అందరికీ నెట్ వచ్చేస్తుంది. మీ టీవీకీ, కొట్లో కెమెరాకీ, అందరి ఫోన్లకీ. నా ప్రింటర్ కొట్లో పెట్టేద్దాం. మీకు బిల్లులకి పనికొస్తుంది. నేను పైనుంచి ఏదన్నా పంపితే కింద కాయితం వస్తుంది."

"పైనుంచి పంపితే కింద వస్తుందా? మెట్లు దిగి రాలేవా ఏం?"

"ఆయ్, అదే కదండీ సదుపాయం."

ఒక పూటంతా పట్టింది. డబ్బాని అటక మీద పెట్టాడు. వెంటిలేటర్లోంచి వైరు లాగాడు. టీవీని కలిపాడు, కెమెరాని కలిపాడు, ఫోన్లన్నీ ఒక్కొక్కటే తీసుకుని కలిపాడు. జలజ ఫోను కలపడానికి మాత్రం మిగతా అన్నిటికీ పట్టినంతసేపు పట్టింది. నేను గుండిగలు తోమిస్తూ ఉన్నాను. వాడు అటక మీదనుంచి అరిచాడు.

"మావయ్యా, పేరేం పెట్టమంటారు?"

పనిలో ఉన్నవాణ్ణి. "నన్నేం అడగొద్దురా బాబూ" అన్నాను.

వాడు అదే పెట్టేశాడు. ఇంగ్లీషు అక్షరాల్లో, అడగొద్దు అని. ఇరుగు పొరుగు వాళ్ళు మీ నెట్ ఇస్తారా అని అడక్కుండా భలే పేరు చెప్పారు మావయ్యా అని మెచ్చుకున్నాడు కూడా.

తరవాత వంటింట్లో ఉన్న మా ఆవిణ్ణి అడిగాడు. "అత్తా, పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు? ఎనిమిది అక్షరాలుండాలి."

మా ఆవిడకి బ్యాంకు వాళ్ళు చెప్పారు, పాస్‌వర్డ్ అనే మాట ఎవరు ఎత్తినా నోరు మూసుకోమని. "చెప్పను" అంది.

వాడు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఇంగ్లీషులో సరిగ్గా ఎనిమిది వచ్చాయి. పెట్టేశాడు.

ఆ డబ్బా వల్ల ఇంట్లో ఏం ఒరిగింది అంటే, అచ్చాయమ్మ, చిట్టెమ్మ గారు ఒకే సీరియల్‌ని పైనా కిందా ఒకేసారి చూస్తూ ఫోన్లో మాట్లాడుకునేవారు. నాకు ఒరిగింది ఇంకోటి. ఒక మధ్యాహ్నం నేను కొట్లో కుర్చీలు సర్దుతుంటే ప్రింటర్ దానంతటది కదిలింది. కాయితం బయటికొచ్చింది. "సాయంత్రం కాలవగట్టుకి రా. మీ నాన్నకి చెప్పకు" అని ఉంది. మా నాన్నకి చెప్పడానికి ఆయన పోయి చాలా కాలమైంది. కాబట్టి ఇది నాకు పంపింది కాదని గ్రహించాను. ఫోనుకు పంపబోయి ప్రింటర్‌కి పంపినవాణ్ణి పైనుంచి పిలిపించాను. వాడు మెట్లు దిగి వచ్చాడు. సదుపాయం అప్పుడు గుర్తు రాలేదు.

కుర్రాడు మంచివాడు. జలజ వాడి పేరెత్తితే కంచంలోకి చూసుకుంటూ నవ్వుతోంది. చిట్టెమ్మ గారు తాంబూలం పట్టుకుని ఒక మేడ మెట్లు దిగి పిల్లనడగడానికి వచ్చారు. ముహూర్తం పెట్టుకున్నాం. మా కొట్టు ముందే, వీధిలో పందిరి వేసి చేద్దామనుకున్నాం. ఊరందరికీ పందిళ్ళు వేసినవాణ్ణి, నా కూతురికి వేసుకోలేనా.

అదుగో, సరిగ్గా అప్పుడే మా కమిషనర్ విశ్వంభరరావు గారికి రెండు ఉత్సాహాలు ఒకేసారి పుట్టాయి.

మొదటిది గృహజాల అనుసంధాన పథకం. ఊళ్ళో ఏ ఇంట్లో నెట్ ఉందో, దాని పేరేమిటో అన్నీ మునిసిపాలిటీలో నమోదు కావాలి. ఎందుకని అడిగితే, నమోదయ్యాక తెలుస్తుందన్నారు. రెండో ఉత్సాహం తెలుగు. ఇకమీదట ఏ ఉత్తర్వులోనూ ఒక్క ఇంగ్లీషు ముక్క కనపడకూడదన్నారు. ఉత్తర్వు తయారుచేసింది హెడ్ గుమాస్తా కామేశం గారు. అందులో "ప్రతి గృహస్థుడు తన ఇంటి నెట్ పేరు నమోదు చేయించుకొనవలెను" అని ఉంది. కమిషనర్ గారు నెట్ అన్న మాట కింద ఎర్ర గీత గీశారు. కామేశం గారు విధేయుడు. ఆ మాట కొట్టేశారు. మిగిలింది చూసుకోండి.

మర్నాడు ఆటోలో మైకు పెట్టి ఊరంతా తిప్పారు.

"ఇందుమూలముగా పట్టణ ప్రజానీకమునకు తెలియజేయడమేమనగా, ప్రతి గృహస్థుడు తన ఇంటి పేరు నమోదు చేయించుకొనవలెను. సదరు పేరు డబ్బాలో వెలుగుచున్న పేరై యుండవలెను. ఒకే డబ్బా నుండి లబ్ధి పొందువారందరూ ఒకే ఇంటిపేరు గల ఏక కుటుంబముగా పరిగణింపబడుదురు. వారి ఉపకరణములు ఉమ్మడి ఆస్తిగా భావింపబడును."

ఒక ప్లీడరు గారు వెళ్ళి, అయ్యా ఇది పొరపాటేమో అన్నారట. కమిషనర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఉత్తర్వులో పొరపాటు ఉండదండీ. ఉంటే గింటే మీ ఇంటిపేర్లలో ఉండి ఉంటుంది. తరతరాలుగా ఎవరూ సరిచూడలేదు" అన్నారట.

నమోదుకి నేనూ వెళ్ళాను. కిటికీ లోపల కామేశం గారున్నారు. నా కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఏదో సభకి తెచ్చుకుని తిరిగి పంపనిది.

"ఇంటిపేరు?" అన్నారు.

"అడగొద్దు."

"అడక్కుండా ఎలా రాస్తానండీ?"

"అడగొద్దనే రాయండి."

"అడగొద్దంటే ఏం రాయను?"

"అడగొద్దు అని రాయండి మహాప్రభో."

ఆయన పెన్ను కింద పెట్టారు. "పోతురాజు గారూ, ఇది ప్రభుత్వ కార్యాలయం. మీ కోపాలు మీ కొట్లో చూపించుకోండి."

వెనకాల నిలబడ్డ పాలాయన జోక్యం చేసుకుని, అది ఆయన డబ్బా పేరండీ అని విడమరిచి చెప్పాడు. కామేశం గారు అప్పుడు నవ్వకుండా రాసుకున్నారు. రాసుకుని, "ఎంతమంది సభ్యులు?" అన్నారు.

"నేనూ, మా ఆవిడా, అమ్మాయీ."

"పైన ఇద్దరు వాడుతున్నారు కదా. వాళ్ళూ మీ వాళ్ళే. మొత్తం ఐదుగురు." మళ్ళీ ఆగి, "ప్రింటర్ ఎవరి పేర ఉంది?" అన్నారు.

"భాస్కరానిది."

"కాదు. ఉమ్మడిది."

అలా ఊరు ఊరంతా కొత్త ఇంటిపేర్లతో ఇళ్ళకి తిరిగొచ్చింది. మా వీధి చివర మందుల షాపాయన పోలీసు నిఘా వారయ్యాడు. దొంగల్ని బెదిరించడానికి ఆ పేరు పెట్టుకున్నాడట. ఇప్పుడు ఆయన కూతురికి సంబంధాలు రావడం లేదు. మా పక్కింటి రిటైర్డ్ రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ సుందర్రామయ్య గారు సొంతడబ్బు వారయ్యారు. ఆ డబ్బా లంచంగా వచ్చింది కాదని నలుగురికీ తెలియాలని ముందే ఆ పేరు పెట్టుకున్నారు. అన్నిటికన్నా వింత పంతుళ్ళ కాలనీలో జరిగింది. అక్కడ అందరూ ఒకే దుకాణంలో డబ్బాలు కొన్నారు. పేరు మార్చాలని ఎవరికీ తోచలేదు. కంపెనీవాడు పెట్టిన హోమ్ అన్న పేరే అన్నిట్లోనూ వెలుగుతోంది. హోమ్ ఇంగ్లీషు ముక్క కనక కామేశం గారు గృహం అని మార్చారు. కాలనీ మొత్తం గృహం వారు. ఒకే వంశం.

కొద్ది రోజులకి ఆ కాలనీలో ముసలి డ్రిల్లు మాస్టారు జోగినాథం గారు కాలం చేశారు. ఒకే ఇంటిపేరు వాళ్ళకి మైల ఉంటుంది కదా. ఎవరో పంతులు మైల సెలవు కావాలని అర్జీ పెట్టాడు. రికార్డు తీసి చూశారు. నిజమే, జ్ఞాతి. మంజూరైంది. అంతవరకు మాస్టారి కోసం ఏడ్చింది ఇద్దరు. మంజూరయ్యాక కాలనీ అంతా ఏడ్చింది. హైస్కూలు మూతపడింది. గడ్డాలు పెంచుకున్న పంతుళ్ళు అరుగుల మీద పేకాడుకుంటూ పోయినాయన మంచితనం చెప్పుకున్నారు. పరీక్షలు వాయిదా వేశారు. పిల్లలు ఇంకా ఎవరెవరు ముసలివాళ్ళున్నారని ఆరా తీయడం మొదలుపెట్టారు.

ఇదంతా చూసి నేనూ నవ్వుకున్నాను. ఇతరుల ఇంట్లో జరిగేది ఏదైనా నవ్వుగానే ఉంటుంది.

పెళ్ళికి ఇంకా వ్యవధి ఉండగానే వీధిలో పందిరికి అనుమతి కోసం వెళ్ళాను. మామూలుగా అయితే కామేశం గారు చూడకుండా సంతకం పెట్టేవారు. ఈసారి పేర్లు కంప్యూటర్లో కొట్టారు. తెర ఎర్రబడింది.

"పోతురాజు గారూ, ఇద్దరిదీ ఒకే ఇంటిపేరు."

"మీరే కదండీ ఇచ్చారు."

"ఎవరిస్తేనేం. ఒకే ఇంటిపేరంటే అన్నాచెల్లెళ్ళు. పందిరి దేనికి అడుగుతున్నారు మీరు? కాస్త ఆలోచించారా?"

లోపల్నుంచి కమిషనర్ గారు కూడా వచ్చారు. ఫైలు చూశారు. పెద్దవారు, ఆయన ముఖం నిజంగానే ఎర్రబడింది.

"ఛ ఛ. పుర వీధులలో ఇటువంటి వావి వరసలు లేని వివాహములకు పురపాలక సంఘము అనుమతించజాలదు. ముందు వరస ధ్రువపత్రము తీసుకురండి."

"అంటే ఏటండీ అది?"

"వధూవరులకు వరస కలుస్తుందని మేమిచ్చే పత్రము."

"మరి ఇవ్వండి."

"వరస కలవడం లేదు కదా."

"డబ్బా పేరు మార్చేసుకుంటానండీ. రెండు నిమిషాల పని అన్నాడు మా వాడు."

ఆయన నన్ను జాలిగా చూశారు. "ఇంటిపేరు బజారులో సరుకా, మార్చుకోవడానికి? మన ఆచారం ప్రకారం ఇంటిపేరు మారేది రెండే సందర్భాల్లో. ఆడపిల్ల పెళ్ళి చేసుకుంటే, మగపిల్లవాడు దత్తత పోతే."

"అయితే మా అమ్మాయి పెళ్ళి చేసుకుంటుందండీ. పేరు మారిపోతుంది."

"పెళ్ళి చేసుకోవాలంటే ముందు పేరు మారాలి."

"కుర్రాణ్ణి డబ్బా వాడటం మానెయ్యమంటాను."

"మానేస్తే ఇంటిపేరు లేనివాడవుతాడు. ఇంటిపేరు లేనివాడికి పిల్లనిస్తారా మీరు? తండ్రై ఉండి?"

ఇంటికొచ్చి చెబితే చిట్టెమ్మ గారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. భాస్కరం నవ్వబోయి, జలజ ముఖం చూసి ఆగిపోయాడు. జలజ మాత్రం, "నాన్నా, పెళ్ళి ఆగిపోతుందా?" అని ఒక్క మాటే అడిగింది. ఊరందరి పెళ్ళిళ్ళకీ సామాను మోసిన మనిషిని, అటక మీది డబ్బా వంక చూశాను. అది పచ్చగా మిణుకుతోంది.

"ఇంకేం చేస్తాం, దత్తతే" అంది అచ్చాయమ్మ. "పక్కింటాయనకి పిల్లలు లేరుగా."

సుందర్రామయ్య గారు మొదట బెట్టు చేశారు. "సొంతడబ్బు వారి వంశంలోకి ఎవణ్ణి పడితే వాణ్ణి తీసుకోమయ్యా" అన్నారు. ఆయన వంశం వయసు అప్పటికి ఒక నెల. చివరికి తన నెట్‌లో మూడు పూటలా సినిమాలు చూడకూడదని, ఆయన తద్దినం భాస్కరమే పెట్టాలని మాట తీసుకుని ఒప్పుకున్నారు.

కార్యక్రమానికి కామేశం గారు సాక్షిగా వచ్చారు. పీటల మీద సుందర్రామయ్య గారు, ఎదురుగా భాస్కరం. ఇద్దరి తలల మీదా ఒక కండువా కప్పి, ఒడుగులో మంత్రం చెప్పినట్టు ఆయన వాడి చెవిలో పాస్‌వర్డ్ చెప్పారు. ఆయన గొంతు పెద్దది కనక ఆ పూట వీధిలో ఉన్నవాళ్ళందరూ సొంతడబ్బు వారైపోవచ్చు. ఎవరికీ అక్కర్లేకపోయింది.

చిట్టెమ్మ గారు ఏడ్చారు. "ఉన్న ఒక్క నలుసునీ గోడవతలకి ఇచ్చేసుకున్నానమ్మా" అన్నారు. మేమందరం ఊరుకోబెట్టాం. కొడుకు ఆ మంచం మీదే పడుకుంటాడు, ఆ కంచంలోనే తింటాడు అని చెప్పాం. ఆవిడ కామేశం గారి వైపు తిరిగి, "అంతేనా బాబూ, నా కొడుకు నా కొడుకేనా?" అని అడిగారు.

కామేశం గారు పుస్తకం చూశారు. "భౌతికంగా అభ్యంతరం లేదమ్మా. కానీ దత్తత పోయినవాడికి పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో వాటా ఉండదు. ఇకమీదట ఆ ప్రింటర్ ముట్టుకోకూడదు."

"వాడు కొనుక్కుందే కదయ్యా అది" అన్నాను.

"అందుకే ముందు జాగ్రత్తగా చెబుతున్నాను."

సొంతడబ్బు వారి నెట్ మా పై వాటా దాకా రాదు. పెళ్ళికొడుకు కావలసినవాడు లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పక్కింటి పిట్టగోడ మీద ఎండలో కూర్చుని రొయ్యల మేత లెక్కలు చూసుకునేవాడు. జలజ ఈ గోడ మీదనుంచి మజ్జిగ అందించేది. వరస ధ్రువపత్రం మాత్రం వచ్చింది. కింద సన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది. సుముహూర్త సమయమున జాలమాపకముతో తనిఖీ చేయబడును అని.

పెళ్ళినాడు నా దగ్గరున్న కొత్త గుడ్డలన్నీ తీసి పందిరి వేశాను. రేకుల కప్పు, దాని కింద ఎర్ర సాటిను. ఊరంతా వచ్చింది. పంతుళ్ళ కాలనీ వాళ్ళు మైల తీరాక గడ్డాలు గీసుకుని వచ్చారు. పెళ్ళికొడుకు పీటల మీద కూర్చున్నాడు. పిల్లని మేనమామ గంపలో ఎత్తుకొచ్చి కూర్చోబెట్టాడు. మధ్యన తెర పట్టారు. పురోహితుడు తమలపాకులో జీలకర్ర, బెల్లం సిద్ధం చేస్తున్నాడు.

కమిషనర్ గారు కామేశం గారితో సహా పందిట్లోకి వచ్చారు. కామేశం గారి చేతిలో జాలమాపకం ఉంది. చిన్న సైజు రేడియోలా ఉంటుంది. ఎవరి ఫోన్ ఎవరి డబ్బాకి కలిసి ఉందో దానిలో పేర్లు పడతాయి. ఆయన పెళ్ళికొడుకు దగ్గర పెట్టారు. అది కీచుమంది.

"అడగొద్దు భాస్కరం" అని చదివారు కామేశం గారు.

జరిగిందేమిటంటే, పీటలు మా గుమ్మానికి ఎదురుగా ఉన్నాయి. పక్కింటి నెట్ అక్కడికి అందదు. భాస్కరం లాల్చీ జేబులో ఉన్న ఫోను, పాత డబ్బా దగ్గరికి రాగానే చెప్పాపెట్టకుండా దానికి కలిసిపోయింది. మనుషులకి దత్తతలు ఎక్కుతాయి గాని ఫోన్లకి ఎక్కవు. కన్న డబ్బాని మర్చిపోలేదు.

"ఆపండి" అన్నారు కమిషనర్ గారు. సన్నాయి ఆగిపోయింది. "ఈ వివాహమును తక్షణమే నిలుపుదల చేయుచున్నాను."

"కట్టేస్తానండీ ఫోను" అన్నాడు భాస్కరం.

"తనిఖీ ముగిసినది. ఫలితము వచ్చినది."

పురోహితుడు గడియారం చూసి, "ముహూర్తం దాటిపోతోందండీ, మళ్ళీ మూఢం వెళ్ళేదాకా లేదు" అన్నాడు. తెర అవతల జలజ గాజుల చప్పుడు వినిపించింది. నేను దగ్గరున్న కుర్చీ పట్టుకున్నాను. కమిషనర్ గారు తన ఫోన్ తీశారు. నిలుపుదల ఉత్తర్వు అప్పటికప్పుడు ఆఫీసు కంప్యూటర్లోకి ఎక్కిస్తేనే చెల్లుతుందట. ఆయన ఫోన్ పైకెత్తారు, కిందికి దించారు, ఒక మూలకి వెళ్ళొచ్చారు. నా రేకుల కింద సిగ్నలు నిలవదు.

"ఇక్కడ నెట్ ఏముంది?" అన్నారు.

"అడగొద్దు" అన్నాను.

"కనపడుతోంది. పాస్‌వర్డ్ చెప్పండి."

"చెప్పను."

కమిషనర్ గారు ఫోన్ దించి నా ముందుకొచ్చారు.

"పోతురాజు గారూ, మీరు మాట్లాడుతున్నది పట్టణ కమిషనర్‌తో. విధి నిర్వహణలో ఉన్న అధికారితో. పాస్‌వర్డ్ ఏమిటి?"

"చెప్పనండీ."

"మీ మీద కేసు పెట్టగలను."

"పెట్టుకోండి. ఎవరొచ్చి అడిగినా చెప్పను, అంతే."

అచ్చాయమ్మకి అయ్యో అనిపించినట్టుంది. ముందుకొచ్చి, ఆయనకి మాత్రమే వినపడేలా, "అదేనండీ, చెప్పను. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టండి. నేను పెట్టిందే" అంది.

ఆయన అనుమానంగా ఒక్కో అక్షరం కొట్టారు. కలిసింది. "చూశారా, అధికారం ముందు ఏదీ దాగదు" అన్నారు. ఉత్తర్వు పైకెక్కడం మొదలెట్టింది. గుండ్రంగా తిరుగుతోంది.

కామేశం గారి చేతిలో జాలమాపకం మళ్ళీ కీచుమంది. ఆయన చూసుకున్నారు. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసుకున్నారు.

"అయ్యా" అన్నారు.

"ఏమిటయ్యా?"

"అడగొద్దు విశ్వంభరరావు అని వస్తోందండి."

కామేశం గారు విధేయుడని ముందే చెప్పాను. పుస్తకం తెరిచి, నిలబడి, గొంతు సవరించుకుని చదివారు. "ఒకే డబ్బా నుండి లబ్ధి పొందువారందరూ ఏక కుటుంబము. పోతురాజు గారికి తమరు తమ్ముడు వరసండి. ఆ పిల్లకి బాబాయి. తన బంధువుల వ్యవహారంలో అధికారి ఉత్తర్వు ఇవ్వరాదని కిందనే ఉందండి. తమరే సంతకం పెట్టారు."

కమిషనర్ గారు గబగబా ఫోన్ కట్టేయబోయారు.

"కట్టేస్తే తమరు ఇంటిపేరు లేనివారవుతారండి" అన్నారు కామేశం గారు. "ఇంటిపేరు లేనివారి సంతకం చెల్లదు."

"మరి ఇప్పుడు ఎవరు నిర్ణయించాలి?"

"తమరి తరవాత ఇక్కడున్నది నేనేనండి."

"అయితే నిర్ణయించు."

కామేశం గారు కమిషనర్ గారి ముఖంలోకి చూశారు. తర్వాత పీటల వైపు చూశారు. అంతవరకు ఎండు రొట్టెలా ఉన్న ఆయన ముఖం వెన్న రాసినట్టయింది.

"తమ ఇంట్లో పెళ్ళండీ ఇది. నేనెలా ఆపుతానండీ" అన్నారు. "మా సార్ వాళ్ళమ్మాయి పెళ్ళి ఆపే ధైర్యం ఈ మునిసిపాలిటీలో ఎవరికుంది? ఇంట్లో వాళ్ళే కదండీ. మేనరికం అని రాసేస్తాను."

రాసేశారు. పురోహితుడు ఇంకో క్షణం ఆగలేదు. తెర తీశాడు. ఇద్దరి నెత్తిన జీలకర్ర బెల్లం పడింది. సన్నాయి అందుకుంది. జలజ నన్ను వెతుక్కుంటూ చూసింది. నేను కళ్ళు తుడుచుకోవడం చూసి, మళ్ళీ తల దించుకుంది.

పెళ్ళి ఆపడానికి ఇన్ని నిబంధనలున్నాయి కదా, ఒక్కటైనా వంగకపోతుందా అని నేను నెల రోజులుగా తిరిగాను. ఒక్కటీ వంగలేదు. పెద్దాయన బంధువయ్యేసరికి అన్నీ సాష్టాంగపడ్డాయి. ఈ రహస్యం నాకు తొమ్మిదో తరగతిలోనే ఎవరైనా చెప్పి ఉంటే చదువు కొనసాగించేవాణ్ణి కాదు. ఎలాగూ కొనసాగించలేదనుకోండి.

భోజనాల దగ్గర చిట్టెమ్మ గారు మగపెళ్ళివారి బెట్టంతా తెచ్చుకుని కూర్చున్నారు. "ఆడపెళ్ళివారి బాబాయి గారు అలా చేతులు కట్టుకుని నిలబడ్డారేం? మావాళ్ళ విస్తళ్ళు ఎండిపోతున్నాయి" అన్నారు.

కమిషనర్ గారు కామేశం గారి వంక చూశారు. కామేశం గారు మెల్లగా తల ఊపారు. ఆచారం అంతే కదా. ఎవరో ఆయన చేతికి నెయ్యి గిన్నె ఇచ్చారు. ఆయన వంగి వంగి వడ్డించారు. భాస్కరం మేనమామ విస్తరి ముందు కమిషనర్ గారు ఆగితే, అతను ముద్దపప్పులో గుంట చేసి, "పొయ్యండి అన్నగారూ, మీ ఇంట్లో నెయ్యికి కూడా అనుమతి పత్రం కావాలేటండీ?" అన్నాడు. మా తమ్ముడు వరసవాళ్ళెవరూ అంత వినయంగా వడ్డించడం నేను చూడలేదు.

ఉత్తర్వు మాత్రం రద్దు కాలేదు. రద్దు చేయాలంటే అడగొద్దు విశ్వంభరరావు గారే చేయాలి. ఒక బంధువర్గానికి మేలు చేసేలా ఉత్తర్వులు ఇవ్వరాదని ఇంకో నిబంధన ఉందట.

మర్నాడు పొద్దున్నే తలుపు తీసేసరికి మా గుమ్మం ముందు వరస కట్టి జనం ఉన్నారు. సొంతడబ్బు సుందర్రామయ్య గారు అందరికంటే ముందున్నారు. ఆయన వెనక మందుల షాపు పోలీసు నిఘా వారు. వాళ్ళ వెనక గృహం వారి కుటుంబాలన్నీ. ఎవరికో ఇంటి ప్లాను ఆగిపోయిందట. ఎవరిదో కొళాయి కనెక్షన్. అందరికీ కమిషనర్ గారు బంధువు కావాలి. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి.

"పోతురాజు గారూ, మీరు మావాళ్ళే అనుకోండి" అన్నారు సుందర్రామయ్య గారు, ఎన్నడూ లేని నవ్వు నవ్వుతూ. "ఆ పాస్‌వర్డ్ ఏమిటో ఒక్కసారి చెప్పండి, మేమూ చేరిపోతాం."

నేను అబద్ధాలాడే మనిషిని కాను.

"చెప్పను" అన్నాను.

ఆయన నవ్వు ఆరిపోయింది. "చూశారా పొగరు. పెద్దాయనతో చుట్టరికం కలవగానే కళ్ళు నెత్తికెక్కాయి" అంటూ వెళ్ళిపోయారు. తరవాతి వాళ్ళు ముందుకొచ్చారు. వాళ్ళకీ అదే చెప్పాను. ఒక్కొక్కరికీ నెమ్మదిగా, స్పష్టంగా, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక్కరూ కొట్టి చూడలేదు.